ఎవరి కోసం ఈ పరుగు?

"గింత పొద్దుగాల యాడికి ఉరుకుతున్నవమ్మా? నిన్నెవలన్న తరుముతున్నరా?"

నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు మహబూబ్‌నగర్‌లో ఉంటుంది. మూడేళ్ల కిందట తెల్లవారుజామున బూట్లు వేసుకుని మొదటిసారి గడప దాటినప్పుడు, వాళ్లత్తగారు అడిగిన మాట ఇది. డాక్టరేమో షుగర్ వచ్చే సూచనలున్నాయన్నాడు. పిల్లలమర్రి దారిలో రెండు కరెంటు స్తంభాల మధ్య పరుగు, ఆ తర్వాతి రెండింటి మధ్య నడక. అలా మొదలైంది. పోయిన చలికాలం హైదరాబాద్‌లో ఒకే రోజు 50 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చింది. ఎనిమిది గంటలు పట్టిందట!

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు. మా లెక్కలో చెప్పాలంటే, ఇంచుమించు నల్లగొండ నుంచి మిర్యాలగూడ దాకా. అంతకు మించి పరుగెత్తితే దాన్ని అల్ట్రా అంటారు. 100 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. మనం హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్‌కు బస్సులో కూర్చుని కూడా నడుము నొప్పి అనుకునే దూరం అది.

"ఏం మారిందే నీ బతుకులో?" అని అడిగాను. బరువు, షుగర్ లెక్కలు చెబుతుందనుకున్నాను.

"ఐదు కిలోలు తగ్గిన. గది పెద్ద ముచ్చట కాదు. ఐతారం పొద్దున నాలుగు గంటలు నేను ఎవరికీ ఏం కాను. అమ్మను కాను, కోడల్ని కాను. నా కాళ్లు, నా ఊపిరి, గంతే. ఇంటికొచ్చినంక మల్ల అన్నీ అయిత. కానీ కోపం లేకుండ అయిత" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నిజానికి దూరాలు మనకు కొత్త కాదు. తాగే నీళ్ల కోసం బిందెలెత్తుకుని మా నల్లగొండ పల్లెల ఆడవాళ్లు నడిచిన నడక ఎవరు కొలిచారు? చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం లోయలోకి దిగి, మళ్లీ ఎక్కివచ్చే తల్లులకు పతకాలు ఎవరిచ్చారు? ఓపిక మనకు ఎప్పుడూ ఉంది. కాకపోతే ఆ నడకలన్నీ నీళ్ల కోసం, కట్టెల కోసం, పిల్లల కోసం మొక్కిన మొక్కు కోసం. తన కోసం నడిచిన దూరమంటూ ఒకటి లేదు. దూర పరుగు తెచ్చే మార్పు నాకు ఇక్కడే కనిపిస్తోంది.

ఆడదానికి అంత దూరం పనికిరాదని లోకం కూడా చాలాకాలం నమ్మింది. 1928 ఒలింపిక్స్‌లో స్త్రీల 800 మీటర్ల పరుగు పెట్టి, చివర్లో అలసిపోయారన్న సాకుతో 1960 దాకా మళ్లీ పెట్టలేదు. స్త్రీల మారథాన్‌కు 1984 వరకు ఆగాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికాలో దాదాపు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగు ఉంది. 1923లో ఫ్రాన్సెస్ హేవార్డ్ పేరిస్తే తీసుకోలేదు. అయినా పరుగెత్తి, 11 గంటల 35 నిమిషాల్లో చేరుకుంది. పతకం ఇవ్వలేదు గానీ, చూసినవాళ్లు ముచ్చటపడి వెండి టీ సెట్టు బహుమతిగా ఇచ్చారు! స్త్రీలకు అధికారికంగా తలుపు తెరిచింది 1975లో.

మన దగ్గరికొస్తే, 2017లో హైదరాబాద్ మారథాన్‌ను జయంతి సంపత్‌కుమార్ తొమ్మిది గజాల చీరలో పూర్తిచేశారు. 2019లో సూఫియా ఖాన్ కశ్మీర్ నుంచి కన్యాకుమారికి 87 రోజుల్లో పరుగెత్తారు. అంతకు ముందు ఆమె ఢిల్లీ విమానాశ్రయంలో ఉద్యోగి.

ఇక అసలు ప్రశ్న. ఈ పరుగుకు గంటలు ఎక్కడి నుంచి రావాలి? 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పనులు చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. నా స్నేహితురాలు మొదట్లో ఆ సమయాన్ని నిద్రలోంచే తీసుకుంది. మూడింటికి లేచి, టిఫిన్ చేసిపెట్టి పరుగుకు వెళ్లేది. ఒకరోజు కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూలబడింది. పరీక్ష చేయిస్తే రక్తం 8 గ్రాములే. "ముందు నిద్రపో, తర్వాత పరుగెత్తు" అన్నాడు డాక్టరు.

అప్పట్నుంచి ఆదివారం పొద్దున వంటిల్లు భర్తదీ, కొడుకుదీ. మొదటివారం ఉప్మా ఉండలు కట్టిందట. కట్టనీ! ఆమె కాళ్ల కంటే ఆ ఇంటి అలవాటు మారడమే పెద్ద మార్పని నేనంటాను.

అందరూ 50 కిలోమీటర్లు పరుగెత్తాలని చెప్పడం లేదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ముందు రక్త పరీక్ష, డాక్టరు సలహా. దూరం వారవారం కొద్దికొద్దిగానే పెంచాలి. గంటల తరబడి పరుగెత్తేటప్పుడు అదేపనిగా వట్టి నీళ్లే తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. చీకటిలో కుక్కలు, వెకిలి చూపులు ఉండనే ఉంటాయి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం మేలు. పట్టణాల్లో మైదానాలకు లైట్లు వేయించి, పెందలాడే గేట్లు తీయించమని మనమే అడగాలి.

మా మేనత్త మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగింది. మోకాళ్లు వంగవు, కింద కూర్చోలేదు. నా స్నేహితురాలి ముచ్చట చెబితే నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "కాళ్లు వంగుతున్నప్పుడే ఉరకాలె బిడ్డా" అంది. మర్నాడే నేనూ బయల్దేరాను. ప్రస్తుతానికి మా వీధి చివరిదాకానే లెండి!

అన్నట్టు, ఇప్పుడు స్నేహితురాలి సీసాలో నిమ్మకాయ పిండి, ఉప్పేసి ఇచ్చేది ఆ అత్తగారే. ఎవరన్నా తరుముతున్నరా అని ఇప్పుడడగదు. ఎవరూ తరమకుండానే ఉరుకుతోందని ఆమెకు అర్థమైంది.