క్రీడాకారుడా, సరుకా?

వార్తాపత్రికల క్రీడాపుటలలో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బదిలీలను గూర్చిన వదంతులను మన విద్యార్థులు ఉత్సాహంతో చదువుతారు. ఎవరు ఏ క్లబ్బుకు, ఎంత ధరకు అన్నదే చర్చ. ఆ ధర వెనుక ఉన్న బాలుని గూర్చి ఆలోచించేవారు అరుదు.

2005 ఏప్రిల్‌లో నైజీరియా యువకుడు జాన్ ఓబీ మైకెల్‌కు పద్దెనిమిదేళ్ళు నిండాయి. కొద్ది రోజులకే, అతడు మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరుతున్నాడని అతని నార్వే క్లబ్బు లిన్ ప్రకటించింది. ఒత్తిడి తెచ్చి సంతకం చేయించారని అతడన్నాడు, క్లబ్బు కాదన్నది. నడుమ చెల్సీ తన హక్కును చాటింది. 2006 జూన్‌లో రాజీ కుదిరింది: చెల్సీ యునైటెడ్‌కు 120 లక్షలు, లిన్‌కు 40 లక్షల పౌన్లు చెల్లించడానికి అంగీకరించింది.

పద్దెనిమిదేళ్ళు నిండనివారి విదేశీ బదిలీలను ఫిఫా కొన్ని మినహాయింపులతో నిషేధించింది. దానిని ఉల్లంఘించినందుకు 2014లో బార్సిలోనా అంతటి క్లబ్బుకే శిక్ష పడింది. నియమం మంచిదే. కాని పుట్టినరోజు గడవగానే బేరం మొదలైతే ఆ రక్షణ ఏపాటిది?

విదేశాలకు వెళ్ళడం తప్పని మేము అనము. మైకెల్ 2012లో చెల్సీతో యూరప్ విజేత అయ్యాడు. అయితే గెలిచినవాని కథే మనకు వినబడుతుంది. ఒప్పందం బాలునికి తెలిసిన భాషలో, తల్లిదండ్రుల సమక్షంలో, చదువు సాగుతుందన్న హామీతో జరగాలని మా అభిప్రాయం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగవ స్థానానికి చేర్చిన హైదరాబాదు శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆటగాని పక్కన బేరగానికన్న ముందు గురువు నిలవాలి.