టీవీ ర్యాక్ ఏ గోడకి?

మా బాజీ నికాహ్ ఖాయమైనప్పుడు అవతలివాళ్లు జహేజ్ అడగలేదు. "మీ బిడ్డకి మీరేం ఇచ్చుకుంటే అదే" అన్నారు. ఆ ఒక్క మాటలో మంచం, బీరువా, టీవీ, ఆ టీవీ పెట్టే అద్దాల షోకేసు అన్నీ ఉన్నాయని అబ్బాకి తెలుసు. నర్సరావుపేటలో షోకేసు కోసం ఖర్జ్ చేశారు.

అది మూడు రంజాన్‌లు కూడా నిలవలేదు. పైన మెరుపే గానీ లోపలంతా పొట్టు అదిమిన బోర్డు. పండక్కి బాజీ బక్కెట్లతో ఇల్లు కడిగితే అడుగు బోర్డు నీళ్లు తాగి ఉబ్బింది, తలుపులు మూసుకోవడం మానేశాయి. ఖర్జ్ మాత్రం ఇంకో ఏడాది నడిచింది.

అందుకే నా రాయ్ సాఫ్‌గా చెప్తున్నా: టీవీ ర్యాక్‌ని జహేజ్ సామాన్లలోంచి తీసేయండి. ఆ ఇంటి గోడలు, ప్లగ్గులు ఎక్కడున్నాయో చూడకుండా అమ్మాయి తండ్రి కొనే వస్తువు కాదది. ఆ ఇంట్లో ఉండేవాళ్లు టేపు పట్టి కొలుచుకుని కొనుక్కోవాలి. 32 ఇంచుల టీవీ అంటే మూల నుంచి మూలకి. అడ్డం కొలిస్తే 28 ఇంచులే. పైగా ఇప్పటి టీవీల కాళ్లు రెండు చివరల్లో ఉంటాయి, ర్యాక్ పొట్టిదైతే ఒక కాలు గాల్లోనే.

ఇక గోడ సంగతి. మన పల్నాడులో కిబ్లా పడమర, కాస్త ఉత్తరానికి. ఒక్క హాలున్న ఇళ్లలో నమాజూ అక్కడే, టీవీ అక్కడే. మా ఇంట్లో ప్లగ్ పడమటి గోడకి ఉందని ర్యాక్ అక్కడే పెట్టాం. అమ్మీ ఒకరోజు అంది, "సజ్దా నుంచి లేస్తే నల్లద్దంలో నా మొహమే కనపడుతోంది బేటా." ఆ తర్వాత టీవీ మీద దుప్పటి కప్పి నమాజ్ చదివేది. రంజాన్‌లో అదే టీవీలో మక్కా తరావీహ్ లైవ్ చూసి కళ్లు తుడుచుకునేది కూడా తనే. తూర్పు గోడకి మారుద్దామంటే పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ స్క్రీన్ మీదే పడుతుంది. ఉత్తరమో దక్షిణమో మేలు.

రెంటచింతల ఎండ ఎలాంటిదో మనకి ఒకరు చెప్పాలా! ఆ వేడిలో యాంప్లిఫయర్‌ని అద్దాల తలుపుల వెనక బంధిస్తే అది ఎక్కువ కాలం పనిచేయదు. పిడుగురాళ్లవైపు వాళ్లు సున్నబ్బట్టీల దుమ్ముకి భయపడి అద్దాలు కోరుకుంటారు, వాళ్ల తక్లీఫ్ నాకు తెలుసు. అయినా వెనకా ముందూ తెరిచున్న ఇనుప ర్యాక్ కొని, ఆపేశాక, చల్లారాక గుడ్డ కప్పుకోవడమే నయం. సొంతిల్లయితే ఇంకా ఆసాన్. మాచర్ల నాపబండ ఒకటి గోడలోకి దించి అర కట్టించుకోండి. నీళ్లకి ఉబ్బదు, చెద పట్టదు. పాత ఇళ్లలో గిన్నెల అరలు అవే కదా.

ఎత్తు ర్యాకుల జోలికి మాత్రం పోవద్దు. పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారు, టీవీతో సహా మీద పడుతుంది. బరువైనవి కింద అరలో పెట్టి, టీవీని గోడకి బిగించండి. ఇంకొకటి, ర్యాక్ పైన జాగా ఉంది కదా అని గిలాఫ్‌లో చుట్టిన ఖురాన్ షరీఫ్‌ని అక్కడ పెట్టేస్తున్నాం. కింద సినిమా పాటలు, పైన కలామే పాక్! పాత ఇళ్లలో దానికి వేరే తాఖ్ ఉండేది. చిన్న చెక్క అర గోడకి ఎత్తుగా కొట్టించడం ఏమంత ఖర్చు?

మొన్న మా ప్లగ్ దక్షిణపు గోడకి మార్పించాను. ఎలక్ట్రీషియన్‌కి ఒక్క పూట పని. అసర్‌కి అమ్మీ జానిమాజ్ పరిచింది. ఎదురుగా ఖాళీ గోడ, బోర్డు పీకిన చోట రెండు బొక్కలు. వాటిని ఎప్పుడు పూడుస్తావని అప్పట్నుంచి అడుగుతూనే ఉంది.