శిక్షలో రంగు లేదని ఎలా నమ్మాలి?

తప్పు చేసినవాడికి శిక్ష పడుతుంది, మధ్యలో రంగు ప్రసక్తి ఎందుకు? అమెరికా ప్రభుత్వ బడుల్లో సస్పెన్షన్ల లెక్క బయటికి తీసినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఇది. శిక్షల్లో జాతి వివక్ష లేకుండా చూడమంటూ ఒబామా ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలను ట్రంప్ ప్రభుత్వం 2018 డిసెంబరులో రద్దు చేసింది. బడి శిక్షల మీద 2025 ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వుకూ రంగు ప్రసక్తి వద్దన్న ఈ ఆలోచనే పునాది. టెక్సస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలోనూ దీనికి తలూపేవారున్నారు. వినడానికి న్యాయంగా తోచే ఈ వాదన పరీక్షకు నిలవదు.

2013-14లో ప్రభుత్వ బడుల పిల్లల్లో నల్లజాతివారు 15.5 శాతం. సస్పెండైనవారిలో మాత్రం సుమారు 39 శాతం. అమెరికా కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ పనితీరును తనిఖీ చేసే సంస్థ 2018లో తేల్చిన లెక్క ఇది. పేదరికమే అసలు కారణమనేవారికి జవాబు కూడా ఆ నివేదికలోనే ఉంది: పేద పిల్లలు తక్కువగా ఉన్న బడుల్లోనూ ఈ తేడా కనిపించింది.

అంకెల్లో తేడా ఉన్నంత మాత్రాన పక్షపాతం రుజువైనట్టు కాదు. నిజమే. అందుకే ఏ తప్పుకు శిక్ష పడుతోందో చూడాలి. టెక్సస్‌లో దాదాపు పది లక్షల మంది ఏడో తరగతి పిల్లల రికార్డులను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనం 2011లో వెలువడింది. చట్టం తప్పనిసరి చేసిన శిక్షలు మొత్తంలో 3 శాతమే. మిగతావన్నీ బడి పెద్దల విచక్షణతో పడ్డవి. ఇతర పరిస్థితులన్నీ ఒకేలా ఉన్న పిల్లలను పోల్చి చూసినా, ఈ విచక్షణ శిక్ష పడే అవకాశం తెల్ల పిల్లలకన్నా నల్ల పిల్లలకు 31 శాతం ఎక్కువ. తప్పనిసరి శిక్షల్లో మాత్రం వాళ్లు ముందు లేరు. నడతే కారణమైతే రెండు చోట్లా తేడా కనిపించాలి కదా? పెద్దల అంచనాకు చోటున్న దగ్గరే అది ఎందుకు తలెత్తుతోంది?

విద్యా పరిశోధకుడు రస్సెల్ స్కీబా బృందం 2002లో ప్రచురించిన పరిశోధనా ఇదే చెప్పింది. తెల్ల పిల్లల మీద ఎక్కువగా వచ్చిన ఫిర్యాదులు పొగతాగడం, బడి ఆస్తి పాడుచేయడం, చెప్పకుండా వెళ్లిపోవడం. నల్ల పిల్లల మీద వచ్చినవి అమర్యాద, మితిమీరిన గోల. మొదటివాటికి సాక్ష్యం చూపించవచ్చు. రెండోవాటికి చూసినవారి అభిప్రాయమే సాక్ష్యం.

టీచర్ల చేతులు కట్టేస్తే చదువుకునే పిల్లలు నష్టపోతారన్న భయాన్ని నేను కొట్టిపారేయను. పిట్స్‌బర్గ్ బడుల్లో శిక్షకు బదులు సయోధ్య పద్ధతులు ప్రవేశపెడితే సస్పెన్షన్లూ జాతుల మధ్య తేడాలూ తగ్గాయి గానీ, 6 నుంచి 8 తరగతుల చదువు దెబ్బతిందని ర్యాండ్ పరిశోధన సంస్థ 2018లో తేల్చింది. దాన్నిబట్టి కౌన్సెలర్లను, శిక్షణను, తరగతిలో తోడుగా మనిషిని ఇవ్వకుండా సస్పెన్షన్లు మాత్రం తగ్గిస్తే చాలదని నేర్చుకోవాలి. లెక్క చూడటమే మానేయమనడం పాఠం కాదు.

ఆసియా పిల్లలకు సస్పెన్షన్లు తక్కువ పడుతున్న మాట వాస్తవం. దాన్ని ఇంకొకరి పిల్లల నడతకు వ్యతిరేకంగా సాక్ష్యంలా వాడటం అన్యాయం. స్కూల్ బోర్డు సమావేశాల్లో మనవాళ్లు అడగాల్సింది వేరే ఉంది: ఏ తప్పుకు, ఎవరికి, ఎన్ని రోజుల శిక్ష పడిందో ఏటా ప్రకటించాలి. ధిక్కారం పేరుతో ఇంటికి పంపే పద్ధతిని కాలిఫోర్నియా ముందు చిన్న తరగతుల్లో ఆపి, 2023 చట్టంతో పన్నెండో తరగతి దాకా విస్తరించింది. మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాలి. రంగు చూడకుండా శిక్షిస్తున్నామని నమ్మే బడికి తన లెక్కలు బయటపెట్టడానికి భయం ఉండకూడదు. బయటపెట్టనంటే ఆ నమ్మకాన్ని మనం పంచుకోనక్కర్లేదు.