ట్రాలీ వెనక ఎర్రదీపం ఎవరి పని?

పత్తి ఏరుడు మొదలైందంటే రాత్రిపూట మన రోడ్ల మీద ట్రాలీల వరుస మొదలవుతుంది. తెల్లారేసరికి ఎనుమాముల యార్డులో ఉండాలని అర్ధరాత్రే బయలుదేరే బండ్లు కొన్ని. కొనుగోలు కేంద్రానికి వడ్లు తోలేవి కొన్ని. వరిగడ్డి వేసుకుని రోడ్డు సగం కమ్ముకుని పోయేవి కొన్ని. ముందు ట్రాక్టరుకు రెండు లైట్లు బాగానే వెలుగుతాయి. వెనక ట్రాలీ మాత్రం చీకట్లో చీకటిగా పోతుంది. వెనక మోటారు సైకిలు మీద వచ్చేవాడికి దగ్గరికి వచ్చేదాకా అది కనపడదు. వచ్చేవాడు పరాయివాడే కానక్కరలేదు, మన ఊరి పిల్లవాడే కావచ్చు.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ముందు ఏదో ఉందని గుర్తించి, బ్రేకు మీద కాలు వేసేసరికే సెకను, సెకనున్నర గడిచిపోతుంది. ఎదురుగా లారీ లైటు కళ్లలో కొడుతుంటే ఆ మాత్రం వ్యవధి కూడా దొరకదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం వెనక ఎర్రదీపం 155 మీటర్ల దూరానికి కనపడాలి. ట్రాలీకైనా వెనక రెండు పక్కలా ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. పోలీసులు ఆపుతారనే భయంతో కాదు, ప్రాణం కోసం పాటించాల్సిన నియమమిది.

"నాకు ట్రాక్టరే లేదు, నాకెందుకీ గొడవ" అని మీరు అనవచ్చు. ఎకరం, రెండెకరాలున్న మనలో ఎక్కువమంది కిరాయి బండి పిలిచేవాళ్లమే. కానీ ఆ ట్రాలీలో పోయేది మన పంట. మిరప ఏరడానికి, పత్తి ఏరడానికి కూలికి పోయే ఆడవాళ్లు పొద్దుగూకాక తిరిగి వచ్చేదీ చాలాచోట్ల అదే ట్రాలీలో. మనుషులను అలా ఎక్కించడమే తప్పు, అది వేరే మాట. కిరాయి మాట్లాడేటప్పుడు "ట్రిప్పుకు ఎంత?" అని అడిగే మనం, "వెనక లైటు వెలుగుతుందా?" అని కూడా ఎందుకు అడగకూడదు? నలుగురు అడిగితే ఐదోవాడు అడగకముందే బండి యజమాని లైటు పెట్టిస్తాడు.

రేడియం స్టిక్కరు చాలదా అంటారు కొందరు. అది ఉండాల్సిందే. కానీ వెలుతురు పడితేనే అది మెరుస్తుంది. దుమ్ము, బురద పట్టిందంటే అదీ లేదు. దీపం తనంతట తానే వెలుగుతుంది. రెండూ కావాలి.

ఇక పని సంగతి. ట్రాలీకి కావలసినవి ఐదు తీగలు: ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు, బ్రేకు లైటు, వెనక ఎర్రలైటు, ఎర్తు. చాలా ట్రాక్టర్లకు వెనక ఏడు పిన్నుల సాకెట్టు ఉంటుంది, లేకపోతే పెట్టించవచ్చు. ఎక్కువగా చెడేది ఎర్తు దగ్గరే. డ్రాబారు పిన్ను ఇనుమే కదా, దాని గుండానే కరెంటు తిరిగిపోతుందని ఎర్తు తీగ వేయరు. ఆ పిన్నుకు గ్రీజు, తుప్పు, మట్టి. అందుకే ఎడమ ఇండికేటరు వేస్తే ఎర్రలైటు కూడా మినుకు మినుకుమంటుంది. ఎర్తుకు విడిగా కాస్త లావు తీగ వేయించండి. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగవద్దు. గడ్డిలోకి నిప్పురవ్వ పడితే మిగిలేది బూడిదే.

ఇప్పుడు డయోడు గురించి. మోటారు గొట్టం అడుగున ఫుట్‌వాల్వు ఎందుకు పెడతాం? నీళ్లు పైకి రావాలి, వెనక్కి పోకూడదని. డయోడు కరెంటుకు ఫుట్‌వాల్వు లాంటిది. ఒక వైపే పోనిస్తుంది, తిరిగి రానివ్వదు.

దీని ఉపయోగం ఎక్కడంటే, బండి రోడ్డు మీద ఆగిపోయినప్పుడు. టైరు పేలితే మనమేం చేస్తాం? నాలుగు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ అడ్డం పెడతాం. తెల్లారి బండి పోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. దాని బదులు రెండు పక్కల ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునేలా స్విచ్చి పెట్టుకోవచ్చు. పాత ట్రాక్టర్లలో ఈ ఏర్పాటు లేనివి చాలా ఉన్నాయి. స్విచ్చి నుంచి వచ్చే తీగను నేరుగా ఎడమ, కుడి తీగలకు కలిపేస్తే ఆ రెండూ ఒకటైపోతాయి. ఆ తర్వాత ఎడమకు వేసినా కుడిదీ వెలుగుతుంది. అందుకని ఎడమకు ఒకటి, కుడికి ఒకటి డయోడు వేయాలి. ఒంటిమీద గీత ఉన్న కొస బల్బు వైపు ఉండాలి. విడిగా ఒక ఫ్లాషరు, ఫ్యూజు పెట్టి స్విచ్చికి కరెంటు ఇవ్వాలి. ఈ స్విచ్చి వాడేటప్పుడు మామూలు ఇండికేటరు స్విచ్చి మధ్యలో ఉండాలి.

డయోడు ఎంతది వేయాలి? ఒక పక్క 21 వాట్ల బల్బులు రెండుంటే 42 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే మూడున్నర ఆంపియర్లు. 6 ఆంపియర్ల డయోడు వేయాలి. ముందు, వెనక, ట్రాలీ కలిపి మూడు బల్బులుంటే ఐదు ఆంపియర్లు దాటుతుంది, 10 ఆంపియర్లది అడగండి. రేడియోల్లో వేసే సన్నటి 1 ఆంపియరు డయోడు వేస్తే మాడిపోతుంది. రెండు డయోడులు కలిపినా నాలుగైదు టీల ఖర్చు.

డయోడు మంత్రమేమీ కాదు. ఒకే ఎర్రబల్బుకు బ్రేకు, ఇండికేటరు రెండూ డయోడులతో కలిపితే, బ్రేకు తొక్కి ఉన్నంతసేపు ఇండికేటరు కొట్టుకోవడం కనపడదు. కాబట్టి ఇండికేటరు బల్బు వేరే ఉండాల్సిందే. చెడ్డ ఎర్తును కూడా డయోడు బాగుచేయదు. బల్బులు పెరిగినప్పుడు పాత ఫ్లాషరు సరిగా కొట్టుకోకపోతే కాస్త పెద్దది వేయించాలి. గంటల తరబడి కొట్టుకోనిస్తే బ్యాటరీ దిగిపోతుంది. వీలైతే బండిని రోడ్డు దింపడమే మేలు.

లైట్లు పగులుతాయి, ఎలుకలు తీగలు కొరుకుతాయి అనే మాటా నిజమే. దీపాన్ని చానల్ లోపలికి బిగించి ఇనుప జాలీ వేయించండి, తీగలు గొట్టంలో నుంచి లాగించండి. గడ్డి వేసినప్పుడు దీపం మూసుకుపోతే, గడ్డి చివరన వేలాడదీయడానికి తీగతో ఒక ఎర్రదీపం అదనంగా ఉంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. మన దగ్గర ఒకరి ట్రాలీని ఇంకొకరి ట్రాక్టరు లాగుతుంది. ఒక్కో మెకానిక్ ఒక్కో వరుసలో పిన్నులు కలిపితే, బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలుగుతుంది. రెండు రోజులు చూసి డ్రైవరు ప్లగ్గు పీకి పక్కన పడేస్తాడు. కాబట్టి ఊళ్లో ట్రాక్టర్లు ఉన్నవాళ్లంతా ఒక పూట కూర్చుని, ఏ పిన్నుకు ఏ తీగో ఒకటే వరుస అనుకోవాలి. దాన్ని కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వాలి. మార్కెట్ కమిటీలు కూడా గేటులో చీటీ రాసేటప్పుడు వెనక లైటు చూస్తే పోయేదేమీ లేదు. కొత్త ట్రాలీ చేయించేవాళ్లు తీగలు, దీపాలు బిగించి ఇస్తేనే మిగతా డబ్బు కట్టాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఈ సీజనులో మొదటి ట్రిప్పు కదలకముందే ట్రాలీ వెనక్కి వెళ్లి నిలబడండి. ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఎర్రగా వెలిగితేనే బండి కదలనివ్వండి.