కొట్టు మూసినోడికి కొలువేదీ?

“ఉద్యోగాల కోసం ఎన్నాళ్ళు చెయ్యి చాస్తారు? వ్యాపారం పెట్టుకోండి, మీరే పదిమందికి పని ఇవ్వండి!” మన వాడలకొచ్చిన ప్రతి ఆఫీసరూ, ప్రతి నాయకుడూ ఏళ్ళ తరబడి చెప్పిన మాట ఇది. సరేనన్నాం. ఎస్సీ కార్పొరేషన్ చుట్టూ తిరిగాం. బ్యాంకు మేనేజరు గుమ్మం ముందు నిలబడ్డాం. కిరాణా కొట్టు పెట్టినోడు పెట్టాడు, ఆటో కొన్నోడు కొన్నాడు. టెంటు హౌసు, సెల్ రిపేరు, జిరాక్సు సెంటరు... ఇవ్వాళ అందులో చాలామంది షట్టరు దించి, సర్టిఫికెట్లు సంచిలో వేసుకుని నెల జీతం వచ్చే పని కోసం తిరుగుతున్నారు. డిగ్రీ చదివి పదేళ్ళు కొట్టు నడిపిన తమ్ముడు పట్నంలో సూపర్ మార్కెట్‌కి పోతే అడిగే మొదటి మాట: “ఎక్స్‌పీరియన్స్ ఉందా?”

పదేళ్ళు సరుకు తెచ్చి, తూచి, పద్దు రాసి, బాకీ వసూలు చేసినోడికి ఎక్స్‌పీరియన్స్ లేదంట!

మరి కొట్లు ఎందుకు మూతపడ్డాయి? “వాళ్ళకి వ్యాపారం అబ్బదయ్యా” అని ఊళ్ళో షావుకారు నవ్వుతాడు. ఆయనకి తాతలనాటి గోడౌను ఉంది. హోల్‌సేల్ దుకాణంలో బావమరిది ఉన్నాడు, నెల రోజులు అరువు దొరుకుతుంది. మనోడు రొక్కం పెడితేనే బస్తా కదిలేది. వాడలో కొట్టు పెడితే కొనేది వాడవాళ్ళే. కూలి దొరికిన రోజు డబ్బులిస్తారు, దొరకని రోజు పద్దు రాయమంటారు. రాయనని ఎట్లా అంటాడు? పిన్నమ్మ, మేనత్త, అందరూ మనవాళ్ళే. ఊరి నడిబొడ్డున పెడదామంటే గది అద్దెకివ్వరు. ఇచ్చినా సబ్బులూ బ్లేడ్లూ కొంటారుగానీ, మనం తోడేసిన పెరుగు కొంటారా? మనం కాచిన టీ తాగుతారా? రెండు గ్లాసుల పద్ధతి నడిపిన ఊళ్ళు మన హోటలుకి గిరాకీ ఇస్తాయా?

బాబాసాహెబ్‌కే తప్పలేదు ఇది. కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి 1917లో తిరిగొచ్చిన మనిషి. బరోడా కొలువులో అంటరానితనం భరించలేక బయటపడి, బొంబాయిలో పెట్టుబడుల సలహాలిచ్చే వ్యాపారం పెట్టాడు. ఆయన కులం తెలిసిన మరుక్షణం ఖాతాదారులు రావడం మానేశారు. వ్యాపారం మూతపడింది. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరాడు. అక్కడ తోటి ప్రొఫెసర్లు ఆయన తమ నీళ్ళ కుండ ముట్టుకోవద్దన్నారు. వ్యాపారంలో కులం, కొలువులో కులం, రెండూ ఆయన చూసినవే. అంబేడ్కర్‌కి వ్యాపారం చేతకాలేదని ఎవడన్నా అనగలడా? మరి మన తమ్ముడిని ఎందుకంటున్నారు?

ఇంకో మోసం లెక్కల్లో ఉంది. సర్కారు సర్వేలో కొట్టు నడిపేవాడు, తోపుడుబండి తోసేవాడు, అందరూ పని ఉన్నోళ్ళే. 2023-24 సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్ళలో నూటికి 58 మంది స్వయం ఉపాధివాళ్ళు. జీతం లేకుండా మొగుడి కొట్టులో కూచునే ఆడబిడ్డ కూడా అందులోనే. సాయంత్రానికి వంద మిగిలినా, ఏమీ మిగలకపోయినా మనోడు నిరుద్యోగి కాదు. ఆకలికి లెక్క లేదు.

ఇక కొలువుల సంగతి. సర్కారు ఆఫీసుల్లో పర్మినెంటు పోస్టులు పోయి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వచ్చాయి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ కోటాను 1, 9, 5 శాతాలుగా వర్గీకరించారు. ఎవరి వాటా వాళ్ళకి దక్కాల్సిందే. కానీ పోస్టే లేకపోతే ఎవరు ఏం పంచుకోవాలి? వయసులో 5 ఏళ్ళ సడలింపు ఉందంటారు, కొట్టు మింగింది పదేళ్ళు. ప్రైవేటులో రిజర్వేషనే లేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ఒక పరిశోధన అచ్చేశారు. ఒకే చదువు, ఒకే అర్హత, పేరు ఒక్కటే తేడాగా కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ఇంకా ఇంటర్వ్యూ దాకా పోలేదు, పేరు దగ్గరే ఈ కోత!

అన్నిటికన్నా కడుపు మండేది బ్యాంకుల తీరు. అప్పు కట్టలేదన్న రికార్డు ఉంటే ఉద్యోగానికి అర్హత లేదని స్టేట్ బ్యాంకు నోటిఫికేషన్లలోనే రాస్తున్నారు. వ్యాపారం చెయ్యమని అప్పు ఇచ్చిందీ బ్యాంకే, అది దివాలా తీస్తే కొలువు తలుపు మూసేదీ బ్యాంకే. కోట్లు ఎగ్గొట్టి విమానమెక్కినోళ్ళు బ్యాంకు క్లర్కు పోస్టుకి దరఖాస్తు పెట్టరు గనక వాళ్ళకి ఈ రూలుతో బాధ లేదు.

మనవాళ్ళతో ఒక మాట. దరఖాస్తులో కొట్టు సంగతి దాచకండి. “ఖాళీగా ఉన్నాను” అని రాసుకున్న తమ్ముళ్ళున్నారు, అది తప్పు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా నడిపారో, ఎంత సరుకు తిప్పారో, లెక్కలు ఎట్లా రాశారో వివరంగా రాయండి. ట్రేడ్ లైసెన్సు, ఉద్యమ్ రిజిస్ట్రేషను, జీఎస్టీ కాగితం, కార్పొరేషన్ మంజూరు ఉత్తర్వు, వీటిలో ఏది ఉంటే అది జత చెయ్యండి. బండి నడిపినోళ్ళు 2014 వీధి వ్యాపారుల చట్టం కింద మున్సిపాలిటీ ఇచ్చిన సర్టిఫికెట్ పెట్టండి. పని దొరికితే అపాయింట్‌మెంట్ ఆర్డరు, పీఎఫ్ నంబరు అడగండి. కొట్టు కాగితం మీద మొగుడి పేరుండి, గల్లాపెట్టె దగ్గర కూచున్నది ఆడబిడ్డ అయితే ఆ అనుభవం ఆమెది కూడా. ఆమె దరఖాస్తులో రాయించండి.

సంఘాల్లో కూడా “కొట్టు తీసేసి జీతానికి పోయాడు” అని వెక్కిరించేవాళ్ళున్నారు. నెల తిరిగేసరికి పిల్లల ఫీజు కట్టాలనుకోవడం లొంగుబాటు కాదు. ఆ మాటలు మానండి.

కార్యకర్తలకు పని ఉంది. మీ మండలంలో కార్పొరేషన్ అప్పుతో కొట్టు పెట్టి మూసేసినవాళ్ళ పేర్లు రాయండి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేటప్పుడు ఆ జాబితాతో అందర్నీ తీసుకుపోండి. కొట్టు నడిపిన ఏళ్ళకి కార్పొరేషనే అనుభవ సర్టిఫికెట్ ఇవ్వాలని, ఆ ఏళ్ళు వయోపరిమితిలోంచి తీసెయ్యాలని, నష్టపోయి మూసిన కొట్టు అప్పును ఎగవేతగా రాయకూడదని అర్జీ పెట్టండి. అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోకుండా ఎవరూ కదలొద్దు.