తాతల నేతులు, కోచ్‌ల మూతులు

"కెంటకీ వాళ్లు పిలిస్తే కాదనేవాడు ఉంటాడా బావా?" అన్నాడు మొన్న మా బావమరిది. లెక్సింగ్టన్‌లో ఎమ్మెస్ చేశాడు కాబట్టి కాలేజీ బాస్కెట్‌బాల్ మీద ఆఖరి మాట తనదేనని వాడి నమ్మకం. ఉన్నారు నాయనా, ఒకరు కాదు. 2024 ఏప్రిల్‌లో జాన్ క్యాలిపరి కెంటకీ కోచ్ కుర్చీ వదిలి ఆర్కన్సాకి పోతే, బేలర్ కోచ్ స్కాట్ డ్రూ నాకొద్దన్నాడు. కనెక్టికట్‌కి వరసగా రెండు టైటిళ్లు గెలిచి పెట్టిన డాన్ హర్లీ అటు తల కూడా తిప్పలేదు. ఎనిమిది టైటిళ్లు, ఇరవై వేల సీట్ల రప్ అరీనా ఉన్నా చివరికి 1996లో తమకు ఆడిన మార్క్ పోప్‌ని తెచ్చుకున్నారు. అతని పేరు బయటికి రాగానే అభిమానులే నెత్తీ నోరూ బాదుకున్నారు.

ఏటా మార్చి వచ్చిందంటే అమెరికా టీవీల్లో ఒకటే తంతు. ఖాళీ అయిన కోచ్ ఉద్యోగాలకు ర్యాంకులిస్తారు. చూసేదల్లా పైకప్పుకి వేలాడే టైటిళ్ల జెండాలు, అరీనాలో సీట్లు, దాతల చెక్కుబుక్కులు. అభిమానులు ఇంకో మెట్టు ఎక్కి, విమానాల జాడ చూపే యాప్‌లు తెరుస్తారు. ఏ ప్రైవేటు విమానం ఏ ఊళ్లో దిగిందో చూసి కొత్త కోచ్‌ని ఖాయం చేసేస్తారు. బుద్ధిగా ఉద్యోగాలు చేసుకునే పెద్దమనుషులు ఆఫీసు వేళల్లో వెలగబెట్టే పని ఇది!

ఇండియానాని చూడండి. 1940, 1953, 1976, 1981, 1987: అయిదు జెండాలు. ఆఖరిది గెలిచిన ఏడాది పుట్టినవాళ్లకి నలభై దగ్గరపడుతోంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటుంది వ్యవహారం. 2000లో కోచ్ బాబ్ నైట్‌ని పంపేశాక డేవిస్, శాంప్సన్, క్రీన్, మిల్లర్, వుడ్‌సన్ వచ్చారు, పోయారు. శాంప్సన్ ఆటగాళ్లను చేర్చుకునేందుకు చేసే ఫోన్ల నిబంధనలు మీరి పోయాడు, అది వేరే సంగతి. ఆ మనిషే 2025లో హ్యూస్టన్‌ని ఫైనల్ దాకా లాక్కెళ్లాడు. ఆర్చీ మిల్లర్‌ని మాత్రం నాలుగు సీజన్లకే ఇంటికి పంపారు. అందుకు ఒప్పందం ప్రకారం కట్టవలసింది కోటి డాలర్ల పైమాటే. దాతలు చెల్లించారు. పని చేసినందుకు కాదు, ఇక చేయొద్దని! ఇంత డబ్బు ఇలా పోయగల ఊరిని "ఆకర్షణీయమైన ఉద్యోగం" అని మెచ్చుకునేవాడికి, ఆ డబ్బు రేపు తనని గెంటడానికీ పనికొస్తుందని తోచదా?

జీతం మాటేమిటంటారా? ఆరేళ్లకి ఏడు కోట్ల డాలర్లిస్తామని ఎన్‌బీఏ జట్టు లేకర్స్ పిలిచినట్టు వార్తలొచ్చినా హర్లీ కాలేజీలోనే ఉండిపోయాడు. ఆటగాళ్లకే డబ్బులిస్తున్న రోజులివి, ఎవరూ ఆగరంటారు. 2025 నుంచి ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచవచ్చు. పెద్దవాళ్లందరూ పంచగలిగినప్పుడు ఒకరి గొప్పేముంది?

ఓడినప్పుడు ఏం చేస్తారన్నదే నేను చూస్తాను. 2018లో వర్జీనియా యుఎంబీసీ చేతిలో 74-54తో చిత్తయింది. ఒకటో సీడు పదహారో సీడుకి ఓడడం పురుషుల ఎన్‌సీఏఏ టోర్నీలో అదే మొదలు. దేశమంతా నవ్వింది. కోచ్ టోనీ బెనెట్ కుర్చీ మాత్రం కదల్లేదు. మరుసటి ఏడు టైటిల్ అతనిదే. 2023లో ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో పర్డ్యూకీ అదే గతి. కోచ్ మ్యాట్ పెయింటర్ ఉన్నచోటే ఉండి మరుసటి ఏడు ఫైనల్ ఆడాడు. అంతెందుకు, డ్యూక్‌లో కోచ్ షషెవ్‌స్కీ మొదటి మూడేళ్ల లెక్క 38 గెలుపులు, 47 ఓటములు. మూడో ఏడు చివర్లో వర్జీనియా చేతిలో 109-66. తీసెయ్యమని దాతలు గోలపెట్టారు. అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ ఆ గోల చెవిన పెట్టకుండా ఒప్పందం పొడిగించాడు. ఇవాళ టీవీవాళ్లు డ్యూక్‌కి లెక్కగట్టే అయిదు జెండాలూ ఆ తర్వాత వచ్చినవే.

బటర్స్ లాంటివాళ్లను ఎక్కడ వెతకాలంటే, నా దగ్గర జాబితా లేదు. ఇంటర్వ్యూకి వెళ్లే కోచ్ మాత్రం జీతం సంగతి తర్వాత, ముందు "కిందటాయన్ని ఎన్నేళ్లు ఉంచారు, ఎలా పంపారు?" అని అడగాలి. ఇండియానా వాళ్ల ఊరు బ్లూమింగ్టన్‌లో ఆ ప్రశ్నకి ఏ దాత లేచి జవాబిస్తాడో చూడాలని నాకు మహా సరదాగా ఉంది.