కుక్క మెడకు ఉపగ్రహం కావాలా?

1957 నవంబరులో సోవియట్ రష్యా లైకా అనే కుక్కను ఉపగ్రహంలో కూర్చోబెట్టి ఆకాశానికి పంపింది. అది మాస్కో వీధుల్లో పట్టుకొచ్చిన ఊరకుక్క. పంపిన కొన్ని గంటల్లోనే వేడికి తాళలేక చనిపోయిందన్న సంగతి 2002 దాకా లోకానికి తెలియలేదు. ఆనాడు కుక్క ఉపగ్రహంలోకి వెళ్ళింది. ఈనాడు ఉపగ్రహమే కుక్క మెడలోకి వచ్చిందంటున్నారు వ్యాపారులు. జీ.పీ.ఎస్. కాలరు కొని కట్టండి, మీ కుక్క ఎక్కడున్నా సెల్‌ఫోనులో కనిపిస్తుందంటున్నారు.

ఈ సావనీరుకు ఏమైనా రాయమని అడిగిన సంపాదక మిత్రునితో ఈ విషయం చెబితే నవ్వాడు. "సైన్సు స్టూడెంటువి, అణుశక్తి మీద రాయరాదా?" అన్నాడు. అణుశక్తి మా ఊళ్ళో లేదు. కుక్క ఉంది. దానికి కాలరు కట్టాలా వద్దా అని మా ఇంట్లో ఈ వేసవంతా తర్జనభర్జన జరిగింది. ఆ చర్చలో పుట్టిన అభిప్రాయమే ఇది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఉపగ్రహం మన కుక్కను చూడదు. దానికి మన కుక్క ఉన్నదనే తెలియదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహాలు, తమలోని అణుగడియారం చూపే సమయాన్ని చాటుతూ పోతుంటాయి, అంతే. గుడి మైకులో టైము చెప్పినట్లన్నమాట. కాలరులోని చిన్న యంత్రం కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, తానెక్కడున్నదో తేల్చుకుంటుంది. మైక్రోసెకండు తప్పితే 300 మీటర్ల తేడా వస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం పైనున్న గడియారాలు రోజుకు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి గనుక, ఆ సవరణ కూడా ముందే చేసి పెట్టారు. మనం పరీక్షల కోసం బట్టీపట్టే సూత్రం కుక్క మెడలో పనిచేస్తుందంటే నాకు ఒళ్ళు పులకరించింది. నిజంగానే.

అయితే అసలు చిక్కు ఇక్కడినుంచే. తానెక్కడున్నదో కాలరుకు తెలిసింది సరే, మనకెట్లా తెలుస్తుంది? ఆ సంగతి మనకు చెప్పేది ఉపగ్రహం కాదు, కాలరులోని సిమ్ కార్డు. అంటే సెల్ టవరు కావాలి. నెలనెలా సిమ్ముకు డబ్బు కట్టాలి. కాలరు 2జీదై, సిమ్ము 4జీ మాత్రమే ఇచ్చే కంపెనీదైతే అది మూగదే. నిమిషనిమిషానికీ చెప్పమంటే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, గంటకొకసారి చెప్పమంటే ఆ గంటలో కుక్క ఊరు దాటుతుంది. ఇవి కాక బ్లూటూత్ బిళ్ళలని చవకగా అమ్ముతారు. వాటికి ఉపగ్రహంతో చుట్టరికమే లేదు. పక్కగా పోయే ఎవరిదో ఫోను వాటిని గుర్తిస్తేనే వార్త చేరుతుంది. బజారులో సరే, మా చెరువు వెనక గుట్టల్లో అర్ధరాత్రి ఫోను పట్టుకుని ఎవరు పోతారు? ఇక పశువైద్యుడు చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వేరే సంగతి. దానిలో ఒక నంబరు తప్ప ఇంకేమీ లేదు, దగ్గర యంత్రం పెట్టి చదవాలి. దొరికిన కుక్క ఎవరిదో అది చెబుతుంది గాని, తప్పిపోయినది ఎక్కడుందో చెప్పదు.

బెంగళూరులో మా పెద్దనాయన కూతురు ఉంది. ఏడో అంతస్తులో కాపురం, ఒక లాబ్రడార్ కుక్క. దానికి జీ.పీ.ఎస్. కాలరు కట్టింది. రోజుకు రెండుసార్లు గొలుసుతో కిందికి దించి, మళ్ళీ గొలుసుతోనే పైకి తెస్తుంది. "అక్కా, గొలుసు నీ చేతిలోనే ఉంది గదా, మళ్ళీ ఫోనులో చూసేదేమిటికి?" అన్నాను. "దీపావళికి టపాకాయల చప్పుడుకు బెదిరి గేటు దాటితే?" అంది. ఆ మాట కాదనలేను. పట్నంలో బెదిరి పరుగెత్తే కుక్కకు, తలుపు తీస్తే దూకే కుక్కకు అది పనికొస్తుంది. కాని అక్కడ కూడా మెడకు ఫోను నంబరు చెక్కిన రేకుబిళ్ళ ముందుండాలని నా వాదన. దానికి బ్యాటరీ అక్కరలేదు.

ఆ అక్కే మా కర్రోడికి కూడా ఒకటి పంపుతానంది. మా ఊరు పలమనేరు పక్కన, కౌండిన్య అడవి అంచున ఉంది. ఏనుగులు ఎప్పుడో వస్తాయి, పందులు రోజూ వస్తాయి. టమోటా, చెనిక్కాయలు ఏది పెట్టినా రాత్రి కాపలా తప్పదు. మా నాయన మంచె మీద, కర్రోడు గట్టు మీద. పందిని తరుముకుంటూ అది ఎంత దూరం పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కట్టేస్తే పంట పోతుంది, వదిలితే కుక్క పోతుంది.

పోవడమంటే ఉత్తమాట కాదు. రెండేళ్ళ కింద కర్రోడి ముందున్న ఎర్రోడు అట్లాగే పోయింది. పందుల కోసం ఎవరో చేనిచుట్టూ కరెంటు తీగె లాగారు. అట్లా లాగడం నేరం. మనుషులు కూడా ఆ తీగెలకు బలైపోతున్నారని పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మూడో దినం కాకులు అరిస్తే ఎర్రోడు ఎక్కడుందో తెలిసింది. మా తమ్ముడు పాలక్యాను తీసుకుని తెల్లవారుజామున పోయే అడ్డదారి అక్కడికి ఇరవై అడుగులు కూడా లేదు. ఆ రోజునుంచి మా అమ్మ వాణ్ణి ఆ దారిన పోనివ్వలేదు.

అందువల్ల కాలరును వేళాకోళం చేయడం నాకిష్టం లేదు. ఫోనులో ఒక చుక్క రాత్రి పదకొండుకు ఆగి, పన్నెండైనా కదలకపోతే, అక్కడేదో ఉన్నదని తెలుస్తుంది. కుక్క బతక్కపోవచ్చు, మనిషి అటు పోకుండా ఆగుతాడు. ఉచ్చులో పడితే మాత్రం కుక్కనూ కాపాడవచ్చు. ఈ మాట నేనంటే మా నాయన ఒకటే అడిగినాడు: "ఆ చుక్క నిలబడిపోయిందని తెలిస్తే, చీకట్లో ఎవురు పోవాల్రా?" ఆ ప్రశ్నకు ఏ కంపెనీ ప్రకటనలోనూ జవాబు లేదు. నేను హాస్టల్లో ఉంటాను. తమ్ముడు చిన్నవాడు. తీగె ఎక్కడుందో తెలియకుండా టార్చి పట్టుకుని పోవలసింది ఆయనే.

వేసవి సెలవుల్లో నేనొక పని చేశాను. కాలరు కొనదలచినవారు ఎవరైనా కానీ ఖర్చు లేకుండా చేయదగిన పని. కర్రోడి వెనకనే సాయంత్రం పూట నాలుగు రోజులు నడిచాను, చేతిలో ఫోను పెట్టుకుని. ఇంటినుంచి బోరు షెడ్డు వరకు సిగ్నలుకు మూడు గీతలు. మామిడితోపులో ఒకటి. గుట్ట మలుపు తిరిగితే ఏమీ లేదు. పందులు దిగేదీ, తీగెలు లాగేదీ, ఉచ్చులు పెట్టేదీ గుట్ట అవతలనే. అవసరమున్న చోట సిగ్నలు లేదు, సిగ్నలున్న చోట పిలిస్తే పలుకుతుంది.

మెడ సంగతి కూడా చూడాలి. వన్యప్రాణులకు కట్టే కాలరు బరువు జంతువు బరువులో 3 నుంచి 5 శాతానికి మించకూడదని శాస్త్రజ్ఞులు పాటిస్తారు. ఆ లెక్కన కర్రోడికి బరువు సమస్య లేదు. తడి సమస్య ఉంది. 2023 వానాకాలంలో కూనో అడవిలోని చీతాలకు కాలరు కింద పుండ్లు పడి పురుగులు పట్టాయి, పరీక్షించడానికి కాలర్లు తీసేశారు. అంతమంది డాక్టర్ల కాపలాలో ఉన్నవాటికే అట్లా అయితే, వాన తడిలో తిరిగే మా కర్రోడి మెడ ఎవరు చూస్తారు? పట్టీకి మెడకు మధ్య రెండు వేళ్ళు దూరాలి, రోజూ విప్పి చూడాలి. హద్దు దాటితే షాకు కొట్టే కాలర్లు కూడా అమ్ముతున్నారు. వేల్స్ దేశం 2010లోనే షాకు కాలర్లను నిషేధించింది. తీగె మీద కుక్కను పోగొట్టుకున్న ఇంట్లో ఆ మాటెత్తే ధైర్యం నాకు లేదు.

చివరకు అక్కకు వద్దని ఉత్తరం రాయలేదు గాని, ఫోనులో చెప్పాను. ఆ డబ్బు పంపితే మా పల్లెలో కుక్కలన్నిటికీ రేబిస్ టీకాకు సరిపోతుందంటే, "టీకాకు డబ్బెందుకురా, జూలై 6న ఆస్పత్రిలో ఊరకనే వేస్తారు గదా!" అంది. 1885లో పాశ్చర్ ఆ టీకాను మొదటిసారి ఒక పిల్లవాడికి వేసిన రోజు అది. నిజమే, వేస్తారు. ఈసారి కర్రోడితోబాటు పక్కిళ్ళ కుక్కలను మూడింటిని ఆటోలో తీసుకుపోయాము, రానూపోనూ ఆటో బాడుగ అక్క పంపింది. ఆటోవాడు ఒక్కొక్క కుక్కకు ఒక మనిషి టిక్కెట్టు అడిగాడు.

గుట్ట మీద టవరు వేస్తారని ఊళ్ళో అంటున్నారు. వేస్తే సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ కర్రోడి వెనక నడిచి గీతలు లెక్కబెడతాను. నాయన ప్రశ్న మాత్రం అప్పటికీ అట్లాగే ఉంటుంది.